పల్లవి అయ్యేదాకా కూర్చోండి

ముసలివాళ్లు ఊరికే పడరు. ముప్పై నాలుగేళ్లు నర్సుగా పనిచేసి నేర్చుకున్నదేమిటని ఎవరైనా అడిగితే ముందు ఈ మాటే చెబుతాను. నేల తడిగా ఉండొచ్చు, గడప ఎత్తుగా ఉండొచ్చు. కానీ అదే తడి మీద, అదే గడప మీద మనవరాలు రోజుకు పదిసార్లు పరిగెత్తుతుంది. అవ్వ ఒక్కతే పడుతుంది. ఆ తేడా నేలలో లేదు, అవ్వ ఒంట్లో ఉంది. అదేమిటో వెతకడం మన పని.

మదనపల్లెలో నర్సింగు చదివి, అక్కడే కొన్నేళ్లు చేశాను. తర్వాత పుంగనూరు, చివరికి కుప్పం. బదిలీలూ ప్రమోషన్లూ సర్వీసు రిజిస్టరులో ఉన్నాయి, వాటిని మళ్లీ రాయను. కొత్తగా ఈ పనిలోకి వచ్చే బిడ్డలకు ఆ రిజిస్టరు చెప్పని సంగతులు కొన్ని చెబుతాను. ఇది దేవుడు నా చేతికిచ్చిన పని అని మొదటిరోజు నమ్మాను, ఈ రోజుకూ నమ్ముతున్నాను. అయితే నమ్మి చేసేవాళ్ల చేతుల్లో తప్పులు జరగవని అనుకోకండి. నా తప్పుల్లో పెద్దది ప్రార్థన మందిరంలోనే జరిగింది.

మేట్రనమ్మ వద్దన్న మాట

మదనపల్లెలో నర్సులందరికీ పెద్ద అయిన మా మేట్రనమ్మ పొట్టి మనిషి. గొంతు మాత్రం పెద్దది, వార్డు ఈ కొసన మాట్లాడితే ఆ కొసన రోగులు దిండ్లు సర్దుకునేవాళ్లు. ఆమె వార్డులో ఒక మాట నిషేధం. "చూసుకుని నడవొద్దా?" అని పడిన మనిషిని ఎవరూ అడగకూడదు.

నాకు ఆ సంగతి తెలియక ముందే నిమ్మనపల్లె వైపు నుంచి ఒక తాతను తీసుకొచ్చారు. భుజం ఎముక విరిగింది. నేను కొత్త నర్సును, తెల్ల బట్టల్లో నాకు నేనే గొప్పగా కనిపిస్తున్న రోజులవి.

"ఏం తాతా, కండ్లు యాడ పెట్టుకోని నడస్తివి?" అన్నాను.

"ఒక కంటికి పొర కమ్మింది బిడ్డా. ఇంగో కంటితో నిన్ను సూస్తాండా. నువ్వయితే బాగానే కనిపిస్తాండావు" అన్నాడు తాత.

వార్డంతా నవ్వింది. మేట్రనమ్మ నవ్వలేదు. నన్ను వరండాలోకి పిలిచింది.

"ఆయన దొంగతనం చేసినాడా?"

"లేదమ్మా."

"మరి పోలీసు మాదిరి అడిగితివే. పడినోళ్లకి ముందే సిగ్గుగా ఉంటాది. నువ్వింకా సిగ్గు పెడితే, ఈసారి పడినప్పుడు చెప్పకుండా దాస్తారు. దాస్తే మనకు తెలీదు. మనకు తెలీకపోతే మళ్లీ పడతారు. ఆ పడేది నీ మాట వల్ల."

తర్వాత ఆమె తాత మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, పొలం కబుర్లు అడిగినంత తీరిగ్గా అడిగింది. పడక ముందు ఏం చేస్తాండావు? అప్పుడే లేచినావా, నడస్తాండావా? తల తిరిగిందా? ఏమన్నా తిన్నావా? ఇంతకు ముందు ఎప్పుడన్నా పడినావా? అప్పుడు బయటికి వచ్చింది. మధ్యాహ్నం ఎండలోంచి ఇంట్లోకి అడుగు పెట్టాడు. పొర ఉన్న కంటికి లోపలి చీకటి అలవాటు పడక ముందే గడప తగిలింది. ఆ ఏడాది అది మూడోసారట. ముందు రెండుసార్లూ ఇంట్లో కూడా చెప్పలేదు.

ఆ రోజే బీపీ చూడటం కూడా మళ్లీ నేర్పింది. పడుకోబెట్టి ఒకసారి, లేపి నిలబెట్టి కాసేపాగి ఇంకోసారి. "కూర్చోబెట్టి చూసేది సగం నిజం. వాళ్లు పడేది లేచినప్పుడు కదా, లేచినప్పుడు చూడు" అనేది. నేను బదిలీ మీద పుంగనూరు పోతుంటే కాళ్లకు దండం పెట్టబోయాను. వెనక్కి జరిగి, "దేవునికి పెట్టు దండం. నువ్వు మాత్రం నిలబెట్టి చూడు" అంది. ఆమె ఇచ్చిన ఆశీర్వాదం అంతే. మా మేట్రనమ్మకు మెచ్చుకోవడం రాదు. అది ఆమె లోపమని ఇప్పటికీ అంటాను. పదేళ్లు ఆమె కింద చేసి, బాగా చేశావన్న మాట ఒక్కసారీ వినలేదు.

పుంగనూరులో ఒంటి చెప్పు

పుంగనూరులో మునిస్వామప్ప అని పాడి రైతు. మూడుసార్లు కొట్టం దగ్గరే పడ్డాడు. నింద ఆవు మీద వేశాడు. "దానికి నా మీద కోపం సిస్టరమ్మా. తోసేస్తాది" అనేవాడు. ఆ ఆవును నేను చూశాను. పుంగనూరు పొట్టి ఆవు, ఆయన నడుము దాకా కూడా రాదు.

మూడోసారి ఆయన కట్టు కట్టించుకోవడానికి వచ్చినప్పుడు ఒక కాలికే చెప్పు ఉంది.

"ఇంగో చెప్పు యాడప్పా?"

ఆయన కిందికి చూసి నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. "యాడో పోయినట్టుండాదే" అన్నాడు.

చెప్పు ఊడిపోయి, రాళ్ల మీద నడిచి, బస్సెక్కి దిగి వచ్చినా ఆ కాలికి తెలియలేదు. షుగరు పాదాలకు స్పర్శ లేకుండా చేసింది. నేల ఎక్కడుందో పాదం చెప్పకపోతే మనిషి కండ్లతో నడవాలి. తెల్లవారక ముందు పాలు పిండే మనిషికి కండ్లు ఏం సాయం చేస్తాయి? పాపం, ఆవు తప్పేమీ లేదు.

ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తెమ్మన్నాను. మరుసటి రోజు గుడ్డసంచి తెచ్చి బల్ల మీద గుమ్మరించాడు. చిత్తూరు డాక్టరు రాసినవి, పుంగనూరు డాక్టరు రాసినవి, నిద్ర పట్టలేదంటే అల్లుడు అంగట్లో కొనిచ్చినవి. రెండు అట్టల మీద పేర్లు వేరు, లోపల మందు ఒకటే. డాక్టరు గారు ఆ కుప్పలోంచి సగం తీసేశారు. నిద్ర మాత్ర మొదట తీసేశారు. ఆ తర్వాత ఆయన ఆవుతో రాజీ పడ్డాడు.

అప్పటి నుంచి పడిన మనిషి ఎవరొచ్చినా నా మొదటి మాట "సంచి తెచ్చినారా?" అన్నదే. పుంగనూరులో నా పేరు చాలామందికి తెలియదు, సంచి సిస్టరమ్మ అంటే తెలుసు.

ఇంత తెలిసిన దాన్ని కుప్పంలో ఏం చేశానో ఇప్పుడు చెబుతాను.

ప్రార్థనమ్మ

కుప్పంలో మా క్రైస్తవ సంఘంలో సుందరమ్మ అని ఒకామె. డెబ్బై దాటింది. రాగి చేలల్లో కలుపు తీసి, కూలికి పోయి, ఒక్క కొడుకును చదివించింది. పెద్దయ్యాక సంఘంలోనే చదవడం నేర్చుకుంది. ప్రతి శనివారం ఆటో ఎక్కి రామకుప్పం వైపు పల్లెలకు పోయి, అక్కడి నుంచి కాలినడకన ఇల్లిల్లూ తిరిగి, మంచం పట్టినవాళ్ల పక్కన కూర్చుని ప్రార్థన చేసి వచ్చేది. మా దేవుణ్ణి నమ్మనివాళ్లు కూడా "ప్రార్థనమ్మ వచ్చింది, చాప ఎయ్యి" అనేవాళ్లు. ఏనుగులు చేలల్లో పడ్డాయి, రావద్దు అని ఫోను చేస్తే, "వాటికి నాతో ఏం పని? నేను రాగి కంకినా?" అనేది.

మా సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థన. పొద్దున నుంచి నాలుగింటి దాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. ఆరింటికి మందిరానికి వస్తారు. చివరి ప్రార్థన మోకాళ్ల మీద. పాస్టరు అయ్యగారు ఆమేన్ అనగానే అందరూ ఒక్కసారిగా లేచి పాట ఎత్తుకుంటారు.

ఒక శుక్రవారం ఆమేన్ అయింది, లేచాం. నా ముందు వరసలో సుందరమ్మ లేచి, ఒక అడుగు వేసి, పక్కకు ఒరిగి పడిపోయింది. దెబ్బ తగల్లేదు. ఎవరో సాతాను శోధన అన్నారు. ఎవరో నీళ్లు చల్లారు. అయ్యగారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు, నేనూ చేశాను. అందుకు ఇప్పుడు విచారించను. విచారించేది తర్వాత చేసిన దానికి. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, కాఫీ తాగించి, సంచిలోంచి మిషను తీసి బీపీ చూశాను. ఎక్కువగానే ఉంది.

"మాత్రలు మానేస్తాండావా?" అని అడిగాను.

"అప్పుడప్పుడు తప్పిపోతాది సిస్టరమ్మా."

"ఒక్క మాత్ర కూడా తప్పకూడదు. ఏ రోజు మాత్ర ఆ రోజు లోపలికి పోవాల్సిందే. అర్థమయిందా?"

బడిపిల్ల మాదిరి తల ఊపింది. నేను ఆమెను నిలబెట్టి చూడలేదు. మాత్రల సంచి అడగలేదు. మేట్రనమ్మ నేర్పిన ప్రశ్నల్లో ఒక్కటి అడగలేదు. ఎందుకంటే ఆమె నాకు రోగి కాదు, సంఘంలో పెద్దక్క. వార్డులో పరాయివాళ్లకు చేసిన పని మనవాళ్లకు చేయడం మరిచిపోతాం. ఇది నా ఒక్కదాని జబ్బు కాదు, మన వృత్తిలో అందరికీ ఉన్నదే.

మూడు వారాలకు అదే శుక్రవారం ప్రార్థన, అదే ఆమేన్, అదే చోటు. ఈసారి బెంచీ అంచు తగిలి నుదురు చిట్లింది, కుడి మణికట్టు విరిగింది.

అటక మీది చెప్పులు

కొడుకు దేవప్రసాదు బస్సు కండక్టరు. నెమ్మదస్తుడు. తల్లి చేతికి సిమెంటు కట్టు వేయించి ఇంటికి తెచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను.

"ఇంగ చాలు మా. మందిరం వద్దు, పల్లెలు వద్దు. ఇంట్లోనే కూర్చోని ప్రార్థన చేసుకో. దేవుడు ఇంట్లో లేడా?" అన్నాడు.

"దేవుడు ఇంట్లోనే ఉండాడు నాయనా. పల్లెలో మంచం పట్టిన ఎంకటమ్మ ఈ ఇంట్లో లేదు కదా" అంది సుందరమ్మ.

అతను తల్లి చెప్పులు తీసి అటక మీద పెట్టాడు.

నెల దాటాక చూడ్డానికి పోయాను. కట్టు విప్పారు. ఎముక కాస్త వంకరగా అతుక్కుంది కానీ అతుక్కుంది. ఆమె మాత్రం మంచం మీదే ఉంది. బాత్రూముకు పోవడానికి గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేసి ఆగింది. రోజంతా పొలంలో వంగిన ఆ తొడలు చీర లోపల పుల్లల్లా అయిపోయాయి.

"నడవడం లేదా అక్కా?"

"లేస్తే పడతానని భయం సిస్టరమ్మా. పడితే వాడు ఏడుస్తాడు. ఎంకటమ్మ మూడుసార్లు కబురు పెట్టింది. ఇంగ రానులే అని చెప్పి పంపించినా."

ఆ మాట ఆమె ఎంతో మామూలుగా అంది. ఈ ఆడమనిషి పని అయిపోతోంది. ఇంకో రెండు నెలలు ఇట్లా కూర్చుంటే ఆ కాళ్లు మళ్లీ పల్లె దాకా పోవు. అప్పుడు, ఎంతో ఆలస్యంగా, నా నోట ఆ మాట వచ్చింది.

"మాత్రల సంచి తే."

తెచ్చింది. బీపీవి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. కాళ్ల వాపుకని ఎవరో రాసిన మాత్ర ఒకటి, ఒంట్లో నీళ్లు మూత్రంగా లాగేసేది. దాన్ని ఎప్పుడు మొదలుపెట్టిందో, ఎప్పుడు ఆపమన్నారో ఆమెకు గుర్తు లేదు.

"శుక్రవారం ఎట్ల వేసుకుంటావు?"

"శుక్రవారం పొద్దున మాత్ర మింగాలంటే నీళ్లు తాగాల కదా. నీళ్లు తాగితే ఉపవాసం యాడుంటాది? ముందయితే ఆ రోజుది ఇడిసిపెట్టేదాన్ని. నువ్వు కోప్పడినాక ఇడవలేదు. నాలుగింటికి ఉపవాసం ముగించినాక పొద్దుటివీ రాత్రిదీ అన్నీ కలిపి మింగేస్తా. నువ్వే చెప్పినావు కదా, ఏ రోజుది ఆ రోజు లోపలికి పోవాలని."

నేను మంచం పట్టె మీద కూర్చున్నాను.

"నీళ్లన్నా బాగా తాగుతావా, నాలుగింటికి?"

"మందిరంలో బాత్రూము లేదు కదమ్మా. మధ్యలో లేస్తే బాగుండదని అర గ్లాసు తాగుతా."

పొద్దున నుంచి నీళ్లు లేని ఒళ్లు. దాని మీద రెండు పూటల బీపీ మందు, ఉన్న నీళ్లను కూడా లాగేసే మందు. రెండు గంటల తర్వాత చాలాసేపు మోకాళ్ల మీద, ఆపైన ఒక్కసారిగా లేవడం. శోధన వెతుక్కోవాల్సిన పని లేదు. ఆమెను పడుకోబెట్టి బీపీ చూశాను. నూట యాభై. కిటికీ కమ్మీ పట్టుకుని నిలబడమని, కాసేపాగి చూశాను. నూట పది.

"ఇదే సిస్టరమ్మా. ఇదే వస్తాది. కండ్ల ముందర నల్లగా అవుతాది" అంది, పాత చుట్టాన్ని గుర్తుపట్టినట్టు.

అది శుక్రవారం కూడా కాదు. మామూలు రోజే అంత పడిపోతుంటే, శుక్రవారం ఎంత పడిపోయి ఉంటుందో.

"అక్కా, నువ్వు రెండోసారి పడింది నా మాట వల్ల" అన్నాను.

"నువ్వేమన్నా తోసినావా?"

"తోసుంటే ఒక్కసారే పడేదానివి. నేను చెప్పింది వారం వారం తోస్తానే ఉండింది."

ఆమె నవ్వింది. వంకర మణికట్టు చేత్తో నా చెంప మీది నీళ్లు తుడిచింది. "ఊరుకో. అడగలేదని నువ్వు ఏడుస్తాండావు, చెప్పలేదని నేను ఏడవాల. ఇద్దరం ఏడిస్తే కాఫీ ఎవరు పెడతారు?"

మందులు మార్చే అధికారం నర్సుకు లేదు, ఉండకూడదు కూడా. సంచితో సహా ఆమెను ఆటోలో డాక్టరు గారి దగ్గరకు తీసుకుపోయాను, నిలబెట్టి చూసిన లెక్కతో. ఆయన నీళ్లు లాగే మాత్ర ఆపి, మిగతావి తగ్గించి, కంటి పరీక్షకు రాశారు. కాళ్లకు బలం రావడానికి కుర్చీలోంచి లేచి కూర్చోవడం, పూటకు పదిసార్లు చేయమన్నారు. మొదటి రోజు మూడుసార్లకే ఆమె ఆయాసపడింది, లెక్క పెట్టడం విసుగంది. తర్వాత తనే దారి కనిపెట్టింది. లేచిన ప్రతిసారీ ఒక మంచం పట్టిన మనిషి పేరు చెప్పి ప్రార్థన. ఎంకటమ్మ పేరుతో లేచేది, నారాయణప్ప పేరుతో లేచేది. పేర్లు పది దాటాయి, పదిహేనయ్యాయి. వ్యాయామం చేయమని నేను వందలమందికి చెప్పాను, నూటికి పదిమంది చేశారేమో. ఎవరి కోసం లేవాలో తెలిసిన మనిషి లేస్తుందని ఆమె దగ్గర చూశాను.

దేవప్రసాదు ఒప్పుకోలేదు. "పడితే చూసుకోవాల్సింది మేమే కదా సిస్టరమ్మా. నేను బస్సులో టికెట్లు కొడుతుంటే ఫోను మోగితే చాలు, గుండె ఆగిపోతాది" అన్నాడు. అతని భయం తప్పని నేను అనలేదు. కూర్చోబెడితే పడదనుకోవడం తప్పని మాత్రం చెప్పాను. కూర్చున్న కాళ్లు కరుగుతాయి, కరిగిన కాళ్లు బాత్రూము దారిలోనే పడేస్తాయి. అతను వింటూ తల్లి వైపు చూశాడు. ఆమె అప్పుడు కుర్చీ చెయ్యి పట్టుకోకుండా తొమ్మిదో పేరుకు లేస్తోంది.

సాక్ష్యం

మా సంఘంలో ఆదివారం సాక్ష్యాలు చెబుతారు. దేవుడు ఎట్లా కాపాడాడో చెప్పడం ఆనవాయితీ. నేను లేచి, నా వృత్తిలో నేను చేసిన తప్పు చెప్పాను. సుందరమ్మక్క దేని వల్ల పడిందో, నేను ఏది అడగలేదో, అంతా. స్తోత్రం అనే చోట ఎవరికీ ఏమనాలో తోచలేదు.

ఆరాధన అయ్యాక అయ్యగారు పిలిచారు. "ఏమమ్మా, ఉపవాసం వద్దంటాండావా?"

"వద్దనను అయ్యగారూ, నేనూ చేస్తాను కదా. మాత్రతో గ్లాసు నీళ్లు తాగితే ఉపవాసం చెడదని మీరు చెప్పండి. జబ్బు మనుషులు ఉపవాసం ఉండే ముందు డాక్టరును అడగాలని చెప్పండి. నేను చెబితే నర్సు మాట. మీరు చెబితే వింటారు."

ఆయన నెమ్మదిగా, "నాకూ లేచినప్పుడు తల తిరుగుతాదమ్మా. చెప్పుకోలేదు" అన్నారు.

అయ్యగారు ఆ రెండు మాటలూ సంఘానికి చెప్పారు, ఆ శుక్రవారమే కొత్త పద్ధతి కూడా వచ్చింది. మోకాళ్ల ప్రార్థన అయ్యాక పెద్దవాళ్లు నేరుగా లేవకూడదు. బెంచీ మీద కూర్చోవాలి, పాదాలు ఆడించాలి. పాట పల్లవి రెండుసార్లు అయ్యాక లేవాలి. నిమిషం అంటే ఎవరి నిమిషం వాళ్లది. పల్లవి అందరికీ ఒకటే. "దేవుని పాటకు కూర్చోనుండేదా?" అని ఒక పెద్దాయన గొణిగాడు. అయ్యగారు తానే ముందు కూర్చున్నారు. గొణుగుడు ఆగింది. ఆ ఏడాదే మందిరం వెనక బాత్రూము కట్టారు, లోపల పట్టుకోవడానికి ఒక కమ్మీతో.

బిడ్డలూ, మీకు చెప్పేది ఇదే. పడిన మనిషిని తిట్టకండి, అడగండి. నిలబెట్టి చూడండి. సంచి గుమ్మరించండి. పాదాలు తాకి చూడండి, కండ్లలోకి చూడండి. ఒకసారి పడినవాళ్లు మళ్లీ పడతారని గుర్తుపెట్టుకోండి, పడిన భయం కూడా ఒక జబ్బేనని గుర్తుపెట్టుకోండి. మీరు చెప్పిన మాట వాళ్ల ఇంట్లోకి పోయాక ఏ రూపం ఎత్తుతుందో వెనక్కి పోయి చూడండి. మందు మీద నమ్మకం లేనివాళ్ల గురించే మనకు నేర్పుతారు. మన మాటను దేవుని వాక్యంలా నమ్మేవాళ్ల దగ్గరే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

నాలుగు నెలలకు సుందరమ్మ కాళ్లకు మళ్లీ చెప్పులు వచ్చాయి. అటక మీదివి కాదు, దేవప్రసాదు కొత్తవి తెచ్చాడు, మడమ వెనక పట్టీ ఉన్నవి. శనివారాలు ఆమెతో ఇంకో ఆడమనిషి తోడు పోవాలన్నది అతని షరతు. మొదటి శనివారం ఎంకటమ్మ ఇంటికే పోయింది. సాయంత్రం నాకు ఫోను చేసి, "చాప ఎయ్యలేదు సిస్టరమ్మా, కుర్చీ ఏసినారు. నేను పడిన సంగతి రామకుప్పం దాకా తెలిసిపోయింది" అని ఫిర్యాదు చేసింది.

నేను రిటైరయ్యాను. నిరుడు నాకూ బీపీ మాత్ర రాశారు. మొన్న శుక్రవారం మోకాళ్ల ప్రార్థన అయింది, ఆమేన్ వినబడింది, పాత అలవాటు కొద్దీ గభాలున లేవబోయాను. వెనక నుంచి ఎవరో కొంగు పట్టి లాగారు. తిరిగి చూస్తే వంకర మణికట్టు.

"కూర్చో సిస్టరమ్మా" అంది సుందరమ్మ. "పల్లవి కాలేదు."

కూర్చున్నాను.